అమ్మ దాకా వచ్చి ఆగిన మాటలు

పొద్దున ఎనిమిదైనా ఫ్లోరా మొహం కడగలేదు. ల్యాప్‌టాప్‌లో గ్రాఫు గీత మళ్ళీ పైకే పోయింది. నాలుగు నెలలుగా ఇదే దరిద్రం. ఒంట్లోకి క్రిమి దూరితే రక్షణ కణాలు ఏదో రసాయనం వదిలి ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబుర్లను గణిత సమీకరణాల్లో పెట్టడమే చెన్నైలో ఆమె పీహెచ్‌డీ. ల్యాబ్‌లో నిజమైన కణాలు రెండు రోజులు గోల చేసి ఊరుకుంటాయి. ఈమె లెక్కలో కణాలకు మాత్రం నోరు మూతపడదు. నెలాఖరుకి సరిచెయ్యకపోతే గడువు పొడిగింపు ఉండదని గైడు తేల్చేశాడు. సొంతూరు వాకాడు వచ్చి ఇంట్లో కూర్చుంటే బుర్ర పనిచేస్తుందనుకుంది. పనిచేస్తే ఒట్టు.

"టిఫిన్ తిన్నావా అని మీ నాయన అడగమన్నాడు," అంటూ తల్లి ఎలిశబెతు దోసె పెట్టి పోయింది.

ఈ ఇంట్లో అంతే. ఫ్లోరా పీహెచ్‌డీలో చేరిన రోజు పెద్ద రభస జరిగింది. అప్పట్నించి నాలుగేళ్ళుగా తండ్రి అబ్రహాము, ఆమె నేరుగా మాట్లాడుకోరు. ఆయన రొయ్యల గుంట దగ్గర్నుంచి, ఈమె చెన్నై నుంచి, ఏమున్నా అమ్మకే చెప్తారు. ఇప్పుడు ఇంట్లో ఉన్నా అదే వరస. ఆయన వసారాలో, ఈమె గదిలో, మధ్యలో వంటింట్లో అమ్మ.

ఫోన్ మోగింది. కృష్ణపట్నం పోర్టులో పనిచేసే ఆండ్రూ మామ.

"సోమవారం తొమ్మిదికల్లా డ్యూటీకి వచ్చెయ్ తల్లీ. సర్టిఫికెట్లు జిరాక్సు తీసిపెట్టుకో. నువ్వు సరేనన్నావని మీ నాయన నెలనాడే చెప్పినాడు గదా."

ఫ్లోరాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వసారాలోకి పోయి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నన్నడక్కుండా ఉద్యోగానికి ఎట్ట ఒప్పుకున్నావు నాయనా?"

అబ్రహాము కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అడక్కుండానా? మీ అమ్మతో అడిగించినా. నువ్వు సరేనన్నావంట."

"నేనెప్పుడన్నా? నాకసలు ఆ సంగతే తెలీదు."

ఇద్దరూ వంటింటి వైపు తిరిగారు. ఎలిశబెతు స్టౌ ఆపి, చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర కూలబడింది.

"నేనే చెప్పలేదు," అంది.

"చెప్పడానికి నీకేం రోగం?" అబ్రహాము కసిరాడు.

"ఏది చెప్పమంటావు? ఆ పిచ్చి లెక్కలు మానకపోతే నా గడప తొక్కొద్దని చెప్పు అన్నావే, అది చెప్పేదా? నువ్వు చచ్చినా ఇంటికి రానని నీ కూతురనింది, అది నీకు చెప్పేదా? నువ్వు తిట్టినప్పుడల్లా టిఫిన్ తిన్నావా అన్నాడని దానికి చెప్పినా. అది తిట్టినప్పుడల్లా నాయనను జాగ్రత్తగా ఉండమనిందని నీకు చెప్పినా. ఉద్యోగం మాట అంటే ఇది ఇంటికే రాదని ఆపేసినా. నువ్వు గుచ్చి గుచ్చి అడిగితే సరేననిందని అబద్ధమాడినా. ఇంక నావల్ల కాదు. మీరూ మీరూ చెప్పుకోండి."

నాలుగేళ్ళుగా విన్న ఆ పలకరింపుల్లో ఒక్కటీ నాయనది కాదా అని ఫ్లోరాకు ఏడుపొచ్చింది. తను విసిరిన మాటలన్నీ అమ్మ ఒక్కతే దాచుకుందని తలుచుకుంటే సిగ్గేసింది.

అబ్రహాము కూతురి వైపు తిరిగాడు. "ఇంతకీ ఏందమ్మా ఆ లెక్క? ఎక్కడ ఆగింది?"

నాలుగేళ్ళలో తన చదువు గురించి తండ్రి అడిగిన మొదటి ప్రశ్న అది. ఫ్లోరా ముక్కు తుడుచుకుంది.

"కణాలు ఒకదాని మీద ఒకటి అరుస్తానే ఉంటాయి నాయనా, ఆగవు. మధ్యలో ఇంకో రకం కణాలుంటాయి. వచ్చిన కబురును వచ్చినట్టు అవతలికి అందిస్తాయని రాసినా."

ఆయన భార్య వైపు చూశాడు. "మీ అమ్మను చూసినాక గూడా అట్టనే రాస్తావా?"

ఫ్లోరా గదిలోకి పరుగెత్తింది. మధ్య కణాలు వచ్చినదాంట్లో కొంత తమలోనే ఉంచేసుకుంటాయని సమీకరణంలో ఒక్క పదం కలిపి ప్రోగ్రాం నడిపించింది. గీత పైకి లేచింది, కాసేపు నిలబడింది, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ల్యాబ్ లెక్కలతో ఇంకా పూర్తిగా కలవలేదు, కానీ దిగింది.

వసారాలో నాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చెయ్ ఆండ్రూ. మా పాప చదువు అయిపోలేదు."

తర్వాత ఆయనే గది గుమ్మం దాకా వచ్చాడు. బల్ల మీద చల్లారిపోయిన దోసెను, కూతుర్ని మార్చి మార్చి చూశాడు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"టిఫిన్ తిన్నావా?" అన్నాడు.

ఫ్లోరా భోరుమంది. వంటింట్లో ఎలిశబెతు మళ్ళీ స్టౌ వెలిగించింది.