జ్వరం సంగతి

మెడెలిన్ నగరం కొండవాలు పేటల్లో ఈ రోజుల్లో మధ్యాహ్నం దాటితే చాలు, వాన. ఆ రోజూ పడుతోంది. ఒతీలియా కిటికీ పక్కన కూర్చుని పొయ్యి మీద బెల్లంనీళ్ళు కాగే చప్పుడు వింటోంది. ఊపిరితిత్తులు మార్చాక ఏడాదిపాటు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండాలన్నారని తీసుకున్న అద్దెగది అది. భర్త అర్నుల్ఫో రొట్టెల కోసం వీధి చివరికి వెళ్ళాడు.

ఆమెది పైన కొండల్లో పల్లె. పెళ్ళయిన నాటినుంచీ కట్టెలపొయ్యి ముందు కూర్చుని మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మింది. ఆ పొగకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. వేరేవి పెడితేనే బతుకుతావన్నారు డాక్టర్లు. మొదట ససేమిరా అంది.

"ఎవరు చస్తారా అని కాచుక్కూచోవాలా నేను? ఆ పాపం నాకొద్దయ్యా."

"నీకోసం ఎవరూ చావరే పిచ్చిదానా," అన్నాడు అర్నుల్ఫో. "పోయేవాళ్ళు ఎలాగూ పోతారు. నువ్వు లేకపోతే నేనేమైపోవాలి, అది చెప్పు."

ఆ మాటకి లొంగిపోయింది.

ఆస్పత్రిలో పక్క మంచం అంపారోది. బట్టలమిల్లులో పనిచేసి జబ్బు తెచ్చుకున్న మనిషి. ఆమె ఊపిరి పీలిస్తే ఎండాకుల మీద ఎవరో నడిచినట్టుండేది. ముక్కుకి గొట్టాలతోనే వార్డంతా నవ్వించేది.

"కొత్త ఊపిరి రాగానే ఏం చేస్తానో తెలుసా? మా అల్లుణ్ణి... ఒక్క బిగిన... తిడతాను. మధ్యలో ఆగకుండా."

ఇద్దరిదీ ఒకటే బ్లడ్ గ్రూపు, ఒకటే ఒడ్డూ పొడుగూ. ఊపిరితిత్తుల కోసం కాచుకున్న వరసలో మాత్రం అంపారో ముందు.

ఒకరోజు పొద్దున్నే వార్డులో గుసగుసలు మొదలయ్యాయి. మోటార్‌సైకిల్ మీంచి పడ్డ మనిషెవరో కింది అంతస్తులో ఉన్నాడనీ, ఇక లేవడనీ, ఊపిరితిత్తులు ఇవ్వడానికి ఇంటివాళ్ళు ఒప్పుకున్నారనీ. అంపారో ఒతీలియా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

"నర్సుకి చెప్పకే. నోట్లో ఐసుముక్క పెట్టుకుని థర్మామీటర్ని ఏమార్చాను. ఇవాళ పిలుస్తారు నన్ను."

జ్వరంతో ఆపరేషన్ బల్ల ఎక్కితే ప్రాణం పోతుంది. ఆ సంగతి వార్డులో అందరికీ తెలుసు. ఒతీలియాకీ తెలుసు. అందుకే చెప్పింది. అందుకేనా? స్నానాలగదిదాకా నడవలేని మనిషి, ఆక్సిజన్ సిలిండర్ని ఈడ్చుకుంటూ వరండా చివర నర్సుల బల్లదాకా ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం చక్రాల మంచం వచ్చి ఒతీలియా పక్కన ఆగింది. అంపారో తల తిప్పి చూసింది. కోపంగా కాదు.

"చెప్పేశావా?" అంది, అంతే.

ఆ వానాకాలం వెళ్ళకముందే అంపారో పోయింది. ఒతీలియా మాత్రం మెట్లెక్కింది, బజారుకెళ్ళింది, చర్చిలో పాట పాడింది. పాడుతూ పాడుతూ మధ్యలో నోరు మూసేసుకునేది. 'ఇంత గాలి ఎవరిది?' అనిపించేది.

కిటికీ బయట వాన జోరందుకుంది. కరెంటు పోయింది. మబ్బు ముసిరి గదిలో మూలలు కనబడటం లేదు. బెల్లంనీళ్ళ వాసన తగ్గి, దాని కిందనుంచి ఇంకో వాసన వచ్చింది... నీలగిరి తైలం, ఆస్పత్రి దుప్పటి.

రేకుల మీద వాన చప్పుడు. ఆ చప్పుడులో ఇంకోటి.

ఎండాకుల మీద అడుగులు.

ఒతీలియా ఊపిరి బిగపట్టింది. తన గుండెల్లోంచేనేమో వినాలని. చప్పుడు ఆగలేదు. వెనకనుంచి వస్తోంది. మంచం దగ్గర... కాదు, ఇంకా దగ్గర... కుర్చీ వెనకే.

తల తిప్పలేకపోయింది.

నుదుటి మీద ఒక అరచెయ్యి ఆనింది. మంచుముక్కలా చల్లగా ఉంది.

"వెచ్చగా... ఉందే... నీ ఒళ్ళు."

"అంపారో... నీ మంచికే చెప్పానే... ఒట్టు..."

"నేనూ... చెప్పనా?"

చెయ్యి తీసేసింది. అడుగుల చప్పుడు తలుపు వైపు పోయింది. తలుపు తెరుచుకోలేదు.

అర్నుల్ఫో తడిసి ముద్దయి వచ్చేసరికి పొయ్యి మీద గిన్నె మాడిపోతోంది. ఒతీలియా కుర్చీలో గజగజ వణుకుతోంది. నుదురు ముట్టుకుని అదిరిపడ్డాడు.

"ఇంత జ్వరం పెట్టుకుని కూర్చున్నావా? పొద్దున్నించీ ఉందా?"

"తెలీదయ్యా... నాకు తెలీదు."

నిజంగానే తెలీదు. అంతవరకూ ఒంట్లో ఏ నలతా లేదు.

టాక్సీ పట్టుకుని ఆస్పత్రికి చేరారు. గుమ్మంలోనే చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. పైన గదిలో పక్క పరిచి, సెలైన్ వేలాడదీసి ఉంచారు. డాక్టరు పరీక్షించి, ఊపిరితిత్తుల్లో చీము పడుతోందనీ, రేపటికి ఆగి ఉంటే చేతుల్లో ఏమీ ఉండేది కాదనీ అన్నాడు.

"మేం వస్తున్నట్టు మీకెలా తెలుసమ్మా?" అని అర్నుల్ఫో కొత్తగా చేరిన నర్సుని అడిగాడు.

"ఇందాక ఒకావిడ వచ్చి చెప్పిందిగా, 'ఒతీలియాకి జ్వరం, దాచుకుంటుంది, ఇప్పుడే తీసుకొస్తున్నారు, పక్క పరిచి ఉంచండి' అని. మీ బంధువు కాదా? పాపం, ఒకటే ఆయాసం. మాస్కు పెట్టి వరండాలో కూర్చోబెట్టాను."

అర్నుల్ఫో ఆవిడకి దండం పెట్టుకుంటానని లేచాడు. ఒతీలియా అతని చొక్కా పట్టుకుని ఆపింది. అంపారో తనని బతికించడానికే వచ్చిందా? లేక ఆమెకి రావలసిన ఊపిరితిత్తులు పాడవకుండా చూసుకోవడానికా? ఆ మాట భర్తకి చెప్పలేకపోయింది. నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది.

నర్సే వరండాలోకి వెళ్ళి చూసింది. చాలాసేపు తిరిగి రాలేదు.

తెరిచిన తలుపులోంచి ఒతీలియాకి వరండాలోని ఆ కుర్చీ కనబడుతోంది. ఖాళీగా ఉంది. దాని చేతికి ఆక్సిజన్ మాస్కు వేలాడుతోంది. మాస్కు లోపలివైపు ఆవిరి పట్టింది. కాసేపటికి పోయింది. మళ్ళీ పట్టింది...