నాలుగో డిస్కు కనపడలేదు

నంద్యాల బస్టాండు వెనక వీధిలో మా షాపు ముందు ఆటో ఆగింది. ముందుగా పూల దుప్పటి చుట్టిన ఒక కంప్యూటర్ బయటికొచ్చింది. దాని వెనక దాన్ని మోస్తున్న అమ్మాయి వచ్చింది. తిన్నగా లోపలికొచ్చి కౌంటర్ మీద దభీమని పెట్టింది.

"అన్నా, మీరిచ్చిన వైరు కాలిపోయింది."

పొద్దున్నే ఎవరైనా తప్పు నాదంటే నాకు ఒళ్లు మండుతుంది. సాయంత్రమైనా మండుతుంది, అది వేరే సంగతి.

"ఏం వైరు మేడం?"

"అదే, ఒకటి పెడితే రెండయ్యేది."

పవర్ స్ప్లిటర్. హార్డ్ డిస్కుకు కరెంటిచ్చే ప్లగ్గు ఒకటే ఉన్నప్పుడు, దాన్ని రెండు చేసి రెండు డిస్కులకు అందించే జానెడు కేబుల్. నేను లేనప్పుడు నా పార్ట్‌నర్ దాదా ఖలందర్ అన్న అమ్మాడట. కేబినెట్ పక్క మూత విప్పి ఫూమని ఊదాను. ప్రేమకథల్లో మొదటి చూపుకు వాన పడుతుంది. మాకు దుమ్ము పడింది, అదీ మొత్తం ఆమె మొహం మీద.

ఆమె చున్నీతో మొహం తుడుచుకునే లోపల నేను లోపలికి చూశాను. ఒక స్ప్లిటర్ కొసకు ఇంకో స్ప్లిటర్, దాని కొసకు మరొకటి. మొదటి ప్లగ్గు మాడి నల్లగా కారిపోయింది.

"ఎవరు పెట్టమన్న్యారు మేడం ఇట్ల?"

"ఒకటి రెండయితే రెండు నాలుగు గావా? లెక్కలు నాకూ వచ్చులే అన్నా."

"లెక్కలు మీకొచ్చు. వైరుకు రావల్ల గదా! నాలుగు డిస్కులూ ఒక్కసారే లేస్తాయి. అంత కరెంటు ఈ ఒక్క ప్లగ్గు ఎట్ల మోస్తాది? ఇల్లు కాలింటే?"

"అట్లయితే అమ్మేటప్పుడే చెప్పల్ల. అగ్గిపెట్టె మీద గూడా జాగ్రత్తని రాసింటారు. దీని మీద యాడ రాసిండారు?"

ఖలందర్ అన్న సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి నవ్వాడు. "చెల్లెమ్మ చెప్పేది కరెక్టే గదప్పా దేవనాథ్. తప్పు నాదే."

నేను ఇంకో మాట అనబోయాను. కానీ ఆమె గొంతు అప్పటికే మారిపోయింది.

"డిస్కులు బాగుండాయా? అవి చూడండి అన్నా ముందు."

ఒక్కొక్కటి తీసి మా టేబుల్ మీద పెట్టి చూశాను. నాలుగూ భేషుగ్గా తిరుగుతున్నాయి. ఆ మాట వినగానే స్టూలు మీద కూలబడి, అదే చున్నీతో కళ్లు తుడుచుకుంది. దుమ్ము వల్లేమో అనుకున్నాను, కాదు.

ఆమె పేరు మైథిలి, ఊరు ఆళ్లగడ్డ. వాళ్ల నాయన రంగనాథం స్వామి ఏటా అహోబిలం పారువేటలో పల్లకి వెంట పాశురాలు చదువుతూ నడుస్తారు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. బ్రహ్మోత్సవాల ముందు మా నరసింహస్వామి గుళ్లో కూర్చోడు. పల్లకెక్కి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలుస్తాడు. ఈ ఏడు రంగనాథం స్వామికి మోకాలి ఆపరేషన్ అయింది. నడవకూడదని డాక్టరు ఖండితంగా చెప్పాడు.

"నేను ఏటా వీడియో తీస్తా. ఒక్కో ఏటిది ఒక్కో డిస్కులో ఉండాది," అంది మైథిలి. "స్వామి ఈ పొద్దు ఏ ఊర్లో ఉంటే, నాయన ఆ ఊరిది అన్నేండ్లదీ చూడల్లంటాడు. ఒకటి పీకేది, ఇంకోటి పెట్టేది, నా ప్రాణం పోతాండాది. అందుకే అన్నీ లోపలే పెట్టిన్యా. రేపటికి ఇది పనిచేయకుంటే కట్టె పట్టుకోని పల్లకి వెంట పోతానంటాండాడు. ఆ మోకాలితో పోతే ఇంగ లేస్తాడా?"

నా కోపం ఏమైందో నాకే తెలియదు. "మీరు పోండి మేడం. రేపు పొద్దున్నే నేనే తెచ్చి పెడతా," అన్నాను. హోమ్ సర్వీసు లేదని మా షాపు గోడ మీద పెద్ద బోర్డుంది. ఖలందర్ అన్న ఒకసారి ఆ బోర్డును, ఒకసారి నన్ను చూశాడు.

మరుసటి రోజు కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే, శిరివెళ్ల దాటేటప్పటికే చొక్కా చెమటతో తడిసింది. ఆళ్లగడ్డలో వాళ్లింట్లో రంగనాథం స్వామి కాలు చాపుకుని కూర్చుని, నా కోసం కాదు, కంప్యూటర్ కోసం ఎదురుచూస్తున్నారు. కరెంటు పంచే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, కొత్తది బిగించాను. దాన్నుంచి వచ్చే రెండు వేర్వేరు లైన్లకు చెరో స్ప్లిటర్ పెట్టాను. ఒక్కో దానికి రెండేసి డిస్కులు, అంతే. మైథిలి ఫోన్ టార్చ్ పట్టుకుని దగ్గరగా నిలబడింది. బిగించిన స్క్రూనే మళ్లీ విప్పి బిగించాను.

"ఇవి గట్టి ప్లగ్గులు స్వామీ, గొళ్లెం ఉంటాది. టిక్కుమని పడితే, మనిషి నొక్కి లాగితే తప్ప ఊడవు."

"యాడ నొక్కాలప్పా?" అని స్వామి కళ్లద్దాలు సవరించుకుని ముందుకు వంగారు. చూపించాను. చాలా శ్రద్ధగా చూశారు. పనికి ఇంత విలువిచ్చే కస్టమర్ ఎక్కడ దొరుకుతాడని పొంగిపోయాను.

ఆ రోజు పల్లకి బాచేపల్లెలో ఉంది. తెర మీద మొదటి డిస్కులోని బాచేపల్లె కనిపించగానే స్వామి గొంతు కలిపారు. వీడియోలో ఉన్న ఆయన, కుర్చీలో ఉన్న ఆయన ఒకే పాశురం చదువుతున్నారు. మైథిలి నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూశాక నంద్యాల బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

ఆ తర్వాత స్పీకర్లు సరిచేయడానికి ఒకసారి, వీడియోలు ఊరి పేర్లతో సర్దడానికి ఇంకోసారి వెళ్లాను. మూడోసారి మౌస్ మార్చడానికి వెళ్లాను. మౌస్ మార్చడానికి నలభై కిలోమీటర్లు వెళ్లిన మెకానిక్ ఈ జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను. వెళ్లిన ప్రతిసారీ మైథిలి పులిహోర పెట్టేది, నా పనికి వంకలూ పెట్టేది. రెండూ ఘాటుగానే ఉండేవి.

అంతటితో కంప్యూటర్‌కు జబ్బులన్నీ అయిపోయాయి. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, ఆళ్లగడ్డ నుంచి ఫోన్ లేదు. నేను ఫోన్ తీసి ఆమె నంబరు చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకునేవాణ్ని. పనిలేకుండా ఫోన్ చేస్తే ఏమనుకుంటుంది? ఆమెకు కావలసింది కంప్యూటర్, అది తిరుగుతోంది. మెకానిక్‌తో ఇంకేం పని?

"అంత బాగ ఎవుడు చేయమన్న్యాడప్పా నిన్ను?" అన్నాడు ఖలందర్ అన్న టీ తాగుతూ. "కొంచెం లూజుగా పెట్టింటే పోయేది గదా."

"పనిలో మోసం చేస్తామా అన్నా?"

"చేయొద్దులే. ఇట్లే మొహం యాలాడేసుకోని కూచో."

అప్పుడే ఫోన్ మోగింది.

"నాలుగో డిస్కు కనపడల్యా," అంది మైథిలి. "రేపు రుద్రవరం. నాయన గోల చేస్తాండాడు. బేగ రాండి."

"గొళ్లెం ప్లగ్గులు మేడం అవి! ఎట్ల ఊడతాయి?"

"నాకేం తెల్సు? మీరే బిగించింది. మీ పని అట్లుండాది!"

ఫోన్ పెట్టేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మండుతూనే తల దువ్వుకుని బయల్దేరాను.

"ఒకటి గమనించినావా?" అని వెనక నుంచి కేకేశాడు ఖలందర్ అన్న. "చెల్లెమ్మ నిన్ను ఈ మధ్య అన్నా అంటాండల్యా."

ఆళ్లగడ్డ చేరేదాకా ఆ మాటే నా చెవిలో తిరిగింది.

ఇంట్లో అడుగుపెడుతూనే కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను. మైథిలి చేతులు కట్టుకుని గోడకానుకుంది. మూత తీశాను. నాలుగో డిస్కు ప్లగ్గు ఊడి వేలాడుతోంది. మూడోదీ వేలాడుతోంది.

"మేడం, రెండు ఊడిండాయి."

"రెండా?" ఆమె గోడ వదిలి ఒక్క అంగలో వచ్చింది. "నేను పీకింది ఒకటే గదా!"

మైథిలి నాలుక కరుచుకుంది. మొహం ఎర్రగా అయిపోయింది. నా నోట్లోంచి మాత్రం మెకానిక్ మాటే వచ్చింది.

"ఆన్‌లో ఉన్నప్పుడు పీకినారా?"

"షట్‌డౌన్ చేసే పీకిన్యా! నాకా మాత్రం తెలీదా?" అని అరిచి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"మరి రెండోది?"

కుర్చీలోంచి దగ్గు వినిపించింది. రంగనాథం స్వామి పైకప్పు చూస్తున్నారు.

"నాయనా!" అంది మైథిలి.

"నొక్కి లాగితే వస్తాదని ఆ పిల్లోడే గదమ్మా చూపిచ్చింది," అన్నారాయన. "పది దినాలుగా చూస్తాండా. నువ్వు వీడియో పెడతావు, వాకిలి దిక్కు చూస్తావు. ఈ పొద్దు నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు ఇంగ ఆగలేకపోయిన్యా. నువ్వు అంతకు ముందే పీకినావని నాకేం తెల్సు?" నా వైపు తిరిగారు. "మన స్వామి తన పెండ్లికి తానే ఊరూరా పోయి పిలుస్తాండాడు. ఆయనకు లేని నామోషీ మీకేందప్పా?"

నా చేయి జేబులోకి వెళ్లింది. పది రోజులుగా అక్కడ ఒక కొత్త స్ప్లిటర్ కేబుల్ ఉంది. ఏదో ఒక వంకతో ఆళ్లగడ్డ రావడానికి పనికొస్తుందని పెట్టుకున్నాను, వంక మాత్రం దొరకలేదు. దాన్ని తీసి ఆమె ముందు పెట్టాను.

"ఇదేంది?" అంది మైథిలి వేళ్ల సందుల్లోంచి చూస్తూ.

"ఐదో డిస్కుకు. ఈ ఏటి పారువేట ఎవరూ తీయల్యా గదా. రేపు రుద్రవరం ఇద్దరం పోదామా? మీరు వీడియో తీయండి, నేను మీ పక్కన ఉంటా." ఊపిరి పీల్చుకున్నాను. "రేపే గాదు. ఎప్పుడూ ఉండల్లనుండాది మైథిలీ."

"మేడం యాడికి పాయ?"

"అన్నా పోయిన కాడికే పోయింది."

ఆమె నవ్వేసింది. చేతులు మొహం మీంచి తీసి, ఆ కేబుల్ తీసుకుని గట్టిగా పట్టుకుంది. "ఇంత తెలివి ఉన్నోడు పది దినాలు ఎందుకు రాలేదు?" అని కళ్లనీళ్లతోనే కసిరింది.

"సరేగానీ, మీ నాయన నంబరు ఇయ్యప్పా," అన్నారు రంగనాథం స్వామి. "మాట్లాడల్ల. అంతలోపల ఆ రెండు ప్లగ్గులూ పెట్టు."

నేను మూడోది పెట్టాను. నాలుగోది మైథిలి పెట్టింది, టిక్కుమని.