కొత్త లాక్‌లో పాత రేకులు

శవం వ్యాన్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది.

బోర్లా పడి ఉన్నాడు. ఒక చెప్పు కాలికే ఉంది. రెండోది వ్యాన్ కింద దొర్లింది. తల వెనక మూడు దెబ్బలు. మొదటి దెబ్బకే కూలిపోయి ఉంటాడు. మిగతా రెండూ పడ్డాక కొట్టినవి. గోడ మీద నెత్తురు మోకాలెత్తులోనే చిమ్మి ఉంది, అంతకు పైన ఒక్క చుక్క లేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్. ఉదయం 10:40కి ఊడవడానికి దిగిన పనిమనిషి చూసింది. చీపురు అక్కడే పారేసి, మెట్లు ఎక్కుతూ అరిచిన అరుపుకి నాలుగు అంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి.

11:05కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వస్తూనే గొంతుక్కూర్చుని చనిపోయిన మనిషి చేతులు చూశాడు. కుడిచేతి గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. దెబ్బలు ఆపుకున్న గుర్తు ఒక్కటీ లేదు. అంటే వెనకనుంచి కొట్టారు. వెనక ఉన్నవాడి గురించి ఇతను భయపడలేదు.

"ఎవరయ్యా ఇతను?"

"తాళం మాస్టర్ అంటారు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "కార్లకి ఇగ్నిషన్ లాక్ పాడైతే ఇతనికి ఫోన్ చేస్తారు. వ్యాన్ వేసుకుని ఇంటికే వచ్చి అక్కడికక్కడే మార్చేసి పోతాడు."

పైప్ రెంచి శవం పక్కనే ఉంది. పిడి శుభ్రంగా తుడిచారు. తల వైపు తుడవలేదు. అక్కడ వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

వ్యాన్ వెనక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సామానంతా వరసగా, నుదుట బొట్టు పెట్టినంత పొందికగా సర్ది ఉంది. ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్కటీ చెప్తుంటే హెడ్ రాసుకున్నాడు. స్క్రూడ్రైవర్లు. సుత్తి. సన్న ఆకురాయి. పట్టకార్లు. కొత్త ఇగ్నిషన్ లాక్ తాలూకు ఖాళీ డబ్బా ఒకటి. డబ్బాలో చిన్న ప్లాస్టిక్ కవర్, అందులో రెండు కొత్త కీలు.

"పాత లాక్ ఏది?"

వెతికారు. దొరకలేదు.

"పారేసి ఉంటాడు సార్. పాతదాంతో ఎవరికేం పని?"

ఇన్‌స్పెక్టర్ ఊఁ కొట్టాడు.

వాచ్‌మన్ గేటు రిజిస్టర్ మాత్రం సరిగ్గా రాశాడు. వ్యాన్ లోపలికి వచ్చింది 8:50కి. మూడో అంతస్తులో ఉండే టైల్స్ షాపు ఓనర్ కారు కోసం. పాత మోడల్ కారు. కీ తిరగడం లేదని పిలిపించాడు.

"ఇంకెవరైనా వచ్చారా?"

"మాస్టర్ బావమరిది వచ్చాడయ్యా. చిట్టి అంటారు. ఇద్దరూ కలిసే చేస్తారు ఈ పని. 9:05కి మోటార్‌సైకిల్ మీద దిగాడు. దిగిన దగ్గర్నుంచీ గొడవే. 'చంపేస్తా బావా, నలుగురిలో నా పరువు తీస్తే చంపేస్తా' అన్నాడు. నా చెవులతో విన్నా. 9:15కి విసురుగా వెళ్ళిపోయాడు."

"మళ్ళీ వచ్చాడా?"

"నేను 9:30 నుంచి 10:30 దాకా పైన ట్యాంకు దగ్గర ఉన్నానయ్యా. వెనక గేటు తీసే ఉంటుంది."

చనిపోయిన మనిషి ఫోన్‌లో ఆఖరి కాల్ 9:58కి. చిట్టి నంబరుకి.

హెడ్ ముఖం వెలిగిపోయింది. "ఇంకేముంది సార్! మళ్ళీ పిలిచాడు. వీడొచ్చాడు. వేసేశాడు."

*

మధ్యాహ్నం 12:30కల్లా చిట్టి స్టేషన్‌లో ఉన్నాడు. 1:15కల్లా అతని పెదవి చిట్లింది, ఎడమ కన్ను పూడిపోయింది. హెడ్ చేతిపని అది. ఇన్‌స్పెక్టర్ ఆ గదిలో లేడు. పక్క గదిలో ఉన్నాడు. చప్పుళ్ళు వినబడుతూనే ఉన్నాయి. ఆపమని అనలేదు.

ఆమె 1:30కి వచ్చింది. చనిపోయినవాడి భార్య, చిట్టికి అక్క. ఏడవడం లేదు. నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెంప మీద ఈడ్చి కొట్టింది. చిట్లిన పెదవిలోంచి మళ్ళీ నెత్తురు కారింది.

"మీ బావ ఫోన్ చేశాడటగా. ఎందుకెళ్ళావురా మళ్ళీ?"

"వెళ్ళలేదక్కా. ఒట్టు. కోపంలో ఎత్తలేదు. కట్ చేశా."

"నా ముందు నిలబడకు."

ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "చూడండి సార్. వీడే అయితే ఉరి తీయండి, నేనే వచ్చి సాక్ష్యం చెప్తా. వీడు కాకపోతే మాత్రం నాకిక మిగిలింది వీడొక్కడే. రెండిట్లో ఏదో ఒకటి ఇవాళే చెప్పండి. రేపటిదాకా మోయలేను."

సాయంత్రం అయిదింటికి చిట్టిని మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. కాగితాలు అప్పటికే టైపవుతున్నాయి.

"గొడవ దేనికి?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

చిట్టి నెత్తురు మింగి చెప్పాడు. "నిన్న ఒక కారుకి కొత్త లాక్ వేసి, దాంతో వచ్చిన కీలే ఇచ్చేశా సార్. డోర్‌కి పాత కీ, స్టార్టింగ్‌కి కొత్త కీ. బావకి అది నచ్చదు. కస్టమర్ జేబులో రెండు కీలు పెట్టించేవాడు పనివాడే కాదంటాడు. ఆ కస్టమర్‌కి ఫోన్ చేసి మరీ క్షమాపణ చెప్పాడు. నన్ను పని దొంగ అన్నాడు. నేనూ నోరు జారాను."

"చంపేస్తా అన్నావు."

"ఇంట్లో రోజూ అనుకునేవే సార్. నిన్న మా అక్కని కూడా చంపేస్తా అన్నా, కూరలో ఉప్పెక్కువైందని."

హెడ్ చెయ్యి లేపాడు. ఇన్‌స్పెక్టర్ చూసిన చూపుకి దించాడు.

"నువ్వు వెళ్ళేసరికి పని ఎంతవరకు వచ్చింది?"

"స్టీరింగ్ కింద కవర్ కూడా ఇంకా విప్పలేదు."

*

2:10కి టైల్స్ షాపు ఓనర్ స్టేట్‌మెంట్ ఇవ్వడానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. మర్యాదైన గొంతు. తనే కారు నడుపుకుని వచ్చాడు.

"పని ఎన్నింటికి అయింది?"

"9:20కి, ఇన్‌స్పెక్టర్ గారూ. చకచకా చేసేశాడు పాపం. పాతది పీకాడు, కొత్తది పెట్టాడు."

"తరవాత?"

"9:25కి వెనక గేటు గుండా వెళ్ళిపోయా. పెట్రోల్ కొట్టించుకుని 10:30కి షాపులో ఉన్నా. నేను వెళ్ళేటప్పుడు సామాను సర్దుకుంటున్నాడు. బావమరిది అరిచి వెళ్ళిన అరుపులకి మొహం వాడిపోయింది పాపం."

"షాపు మీరొక్కరే చూస్తారా?"

"నేనూ తమ్ముడూ. వాడు ఆదివారం స్టాక్ కోసం ఊరెళ్ళాడు."

"ఫోన్ చేసి పిలవండి. మీ కారు గురించి ఆయన్నీ ఒక మాట అడుగుతా."

"సిగ్నల్ అందదండీ అక్కడ."

సంతకం పెట్టి బయటికి నడిచాడు. ఇన్‌స్పెక్టర్ వెనకే వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. ఓనర్ జేబులోంచి కీ తీశాడు. తలుపు తెరిచాడు. కూర్చున్నాడు. స్టార్ట్ చేశాడు. లోపల సీటు కవర్లు కొత్తవి, ప్లాస్టిక్ మెరుపు ఇంకా పోలేదు.

కారు వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం కదలలేదు. తరవాత లోపలికి వెళ్ళి, చిట్టి ఎదురుగా స్టూల్ లాక్కుని కూర్చున్నాడు.

"మీ బావ పద్ధతిలో ఆ పనికి ఎంతసేపు పడుతుంది?"

చిట్టి చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. "టైపింగ్ ఆపండి," అన్నాడు.

*

3:40కి అందరూ సెల్లార్‌లో ఉన్నారు. శవాన్ని మార్చురీకి పంపేశారు. గోడ మీద మరక అలాగే ఉంది. ఓనర్ తన కారు పక్కన, వాచ్‌మన్ మెట్ల దగ్గర, సంకెళ్ళతో చిట్టి, పక్కన హెడ్. క్లూస్ టీమ్ మనిషి తన పెట్టె తెరిచాడు. చిట్టి అక్కని ఎవరూ పిలవలేదు. అయినా వచ్చి దూరంగా నిలబడింది.

"మీ కారు కీ ఒకసారి ఇస్తారా?"

ఓనర్ ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ దాంతో డోర్ తీశాడు. అదే కీ స్టీరింగ్ పక్కన పెట్టి తిప్పాడు. ఇంజన్ లేచింది. ఆపేశాడు.

"పాత కీయేనా ఇది?"

"అవును. ఎప్పట్నుంచో నా దగ్గరున్నదే."

"లాక్ కొత్తది. కీ పాతది."

ఓనర్ కనురెప్పలు టపటపలాడాయి. "వాడేదో సెట్ చేశాడండీ. నాకేం తెలుసు?"

ఇన్‌స్పెక్టర్ వ్యాన్‌లో దొరికిన ఖాళీ డబ్బాలోంచి ప్లాస్టిక్ కవర్ తీశాడు. "ఈ లాక్‌తో వచ్చిన కీలు ఇవి. కవర్ కూడా చింపలేదు. పొద్దున మేమంతా చూశాం, పక్కన పడేశాం." పళ్ళతో కవర్ చింపి, ఒక కీ లాక్‌లో పెట్టాడు. తిప్పాడు. కదల్లేదు. రెండోది పెట్టాడు. అదీ అంతే.

"దాని కీలు దానికే పట్టడం లేదు. ఎందుకని?"

"లోపల రేకులు మార్చాడు కాబట్టి," అన్నాడు చిట్టి. "పాత లాక్‌లో ఇత్తడి రేకులుంటాయి సార్, కీ పళ్ళకి సరిపడేలా. వాటిని ఒక్కొక్కటే పట్టకారుతో తీసి, కొత్త లాక్‌లో అదే వరసలో పేర్చాలి. ఒక్కటి తారుమారైనా మళ్ళీ మొదటికే. అప్పుడే డోర్‌కీ స్టార్టింగ్‌కీ ఒకటే కీ."

"ఎంతసేపు?"

"బావ చేసినా సరే, నలభై నిమిషాలకి తక్కువ కాదు."

"8:50కి వచ్చాడు. 9:15కి కవర్ కూడా విప్పలేదు." ఇన్‌స్పెక్టర్ ఓనర్ వైపు ఒక అడుగు వేశాడు. "చిట్టి మాట నమ్మక్కర్లేదు, మీ కీ చెప్తోంది. 9:20కి ఈ పని అవ్వదు. పదింటిదాకా ఈ కారు ఇక్కడే ఉంది. కారు ఉందంటే మీరూ ఉన్నారు. 9:58కి అతను ఫోన్ చేశాడు. అప్పుడు పక్కనున్నది మీరొక్కరే."

"ఏదో టైము పొరపాటు పడితే హంతకుణ్ణి అయిపోతానా? వాడితో నాకేం పగ?"

"అదే నాకూ అర్థం కాలేదు. పాత లాక్ ఎందుకు మాయమైందో ఆలోచిస్తే అర్థమైంది." చిట్టి సంకెళ్ళు తీయమని సైగ చేశాడు. "విప్పు."

చిట్టి డ్రైవర్ సీట్లోకి వంగాడు. మణికట్లు వాచి ఉన్నాయి. అయినా చేతికి పని తెలుసు. కవర్ ఊడదీశాడు. కీ సగం తిప్పి, సన్న పిన్ను నొక్కి, లాక్‌ని బయటికి లాగాడు. తెల్లగుడ్డ మీద రేకులు ఒక్కొక్కటే రాలాయి. ఎనిమిది. అంచుల్లో నల్లగా ఏదో ఎండి కరుచుకుని ఉంది.

"గ్రీజు కాదు సార్ ఇది," అన్నాడు చిట్టి.

క్లూస్ టీమ్ మనిషి తడి దూదితో ఒక రేకు రుద్ది, సీసాలోంచి రెండు చుక్కలు వేశాడు. దూది గులాబీ రంగుకి తిరిగింది.

"నెత్తురులాగే ఉంది సార్. ఎవరిదో ల్యాబ్ చెప్పాలి."

"సీట్లు కడిగారు, కవర్లు మార్చారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కీ పెట్టే సందులోకి కారింది మాత్రం కడగలేకపోయారు. అది ఎండి రేకులు బిగుసుకుపోయాయి, కీ తిరగలేదు. గ్యారేజీకి తీసుకెళ్తే పదిమంది చూస్తారు. అందుకే ఇంటికొచ్చే మనిషిని పిలిచారు. కొత్త లాక్ వేసి పాతది చేతికిస్తాడనుకున్నారు. అతను దాన్ని మీ ముందే విప్పాడు. చూశాడు. పాత లాక్ డొల్లని పారేస్తే సరిపోతుందనుకున్నారు మీరు. లోపలి సరుకు మీ కారులోనే పెట్టి పోయాడతను. మీ తమ్ముడు ఎక్కడ?"

ఓనర్ వ్యాన్‌లో చేతికందిన సుత్తి లాక్కున్నాడు. ఇంకా సీట్లో వంగి ఉన్న చిట్టి తల మీదికి ఎత్తాడు.

హెడ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు సెల్లారంతా వినబడింది. సుత్తి రెండోసారి లేచింది. ఇన్‌స్పెక్టర్ కారు తలుపుని కాలితో బలంగా తన్నాడు. అది ఓనర్ మోకాలికి తగిలింది. వంగినవాడి జుట్టు పట్టుకుని కారు టాప్‌కేసి మోదాడు. ఒకసారి. సుత్తి జారింది. ఇంకోసారి మోదాడు. ఇస్త్రీ చొక్కా ముందు భాగమంతా ఎర్రబడింది.

"ఎక్కడ?"

"గోడౌన్‌లో..." పళ్ళ సందుల్లోంచి నెత్తుటి బుడగలు వచ్చాయి. "పగిలిన టైల్స్ గుట్ట కింద. వాటా కావాలన్నాడు... స్టీరింగ్‌కేసి కొట్టా. ఆపుకోలేకపోయా. ఇవాళ ఈ తాళాలోడు కూడా, 'ఇది నెత్తురు కదా సార్' అని నా మొహంలోకే చూశాడు. చూసి, ఏమీ అనకుండా లాక్ బిగించాడు. వ్యాన్ వెనక్కి వెళ్ళి ఫోన్ తీశాడు..."

"తీసుకెళ్ళండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

4:05 అయింది. జీపు వెళ్ళిపోయింది. హెడ్ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. చిట్టి కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఎటు నడవాలో తెలియనట్టు ఉన్నాడు. అక్క వైపు మాత్రం చూడటం లేదు.

ఆమే వచ్చింది. తమ్ముడి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పింది. పూడిన కన్ను చూసింది. పెదవి చూసింది.

"ఎవరు కొట్టారు వీణ్ణి?"

హెడ్ తల దించుకున్నాడు.

"నేనే కొట్టించానమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె అతన్ని తిట్టలేదు, దణ్ణమూ పెట్టలేదు. "నేనూ కొట్టాను," అంది.

తరవాత తమ్ముడి చెయ్యి పట్టుకుంది. వాచిన మణికట్టు అని గుర్తొచ్చి, పట్టు వదులు చేసి వేళ్ళు పట్టుకుంది.

"పదరా. మీ బావ మార్చురీలో ఒక్కడే ఉన్నాడు."