గడపలు లేని సాయంత్రం

అసురసంధ్య! మబ్బులు కమ్మి ఆకాశం కాటుకలా నల్లబడింది. ఫెళఫెళమని పిడుగు పడింది... చూరులో గుడ్లగూబ ఉలిక్కిపడి కర్ణకఠోరంగా అరిచింది!

దిక్కులేని వృద్ధుల కోసం ఏనాడో ఒక పుణ్యవతి కట్టించిన ధర్మపు ఇళ్ళు అవి. గదికొక ముసలి ప్రాణం, మధ్యలో అందరికీ కలిపి ఒక చావడి. కొత్తగా ఎవరు చేరినా పాతవాళ్ళు వాళ్ళ చెయ్యి గడప మీద పెట్టించి ఒకే మాట అనిపించేవారు: "లోపలికొచ్చినవాళ్ళని ఈ ఇల్లు బయటికి పంపదు." ఆ మాటే అక్కడ కాపలా. ఏ క్షుద్రశక్తీ ఆ గడపలు దాటలేకపోయింది... ఇన్నాళ్ళూ!

ఇప్పుడు ఆ ఇళ్ళకు మరమ్మతులు. పాత గోడలు చెక్కుచెదరకుండా కొత్త పైపులు, కొత్త దీపాలు వస్తున్నాయి. చక్రాల కుర్చీలు తిరగడానికి గడపల్ని నేలకు సమంగా దించాలి. పని చేయిస్తున్న ఇంజనీరమ్మకి తొందరెక్కువ. అక్కడే ఒక గదిలో ఉంటున్న ఆమె మేనత్త చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"ఒకటి పెట్టాకే ఇంకోటి తియ్యవే, నా తల్లీ!"

"అన్నీ ఒకేసారి తీస్తే పని తెమిలిపోతుందత్తా!" అంటూ మేనకోడలు గడపలన్నీ పీకించి వాకిట్లో పేర్పించింది. కొంప మునిగింది అక్కడే.

పరుల ఆయుష్షు దొంగిలించి బతికే మాంత్రికుడొకడు రంగుల కాంట్రాక్టరు వేషంలో ఆ ఘడియ కోసమే పొంచి ఉన్నాడు. తరతరాలుగా నిరాశ్రయులు నిర్భయంగా కన్నుమూసిన నేల అది! ఆ నిశ్చింతను పీల్చేస్తే వాడికి మరణం లేదు. అయితే అక్కడి మనిషే తన నోటితో "ఈ ఇల్లు మాకొద్దు" అనాలి... మూడుసార్లు!

వాడు రంగు డబ్బాలోంచి కపాలం తీసి చావడి నడుమ పెట్టాడు. దాని మీద నెత్తురు చిలకరించాడు. మరుక్షణమే మేనత్త జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలేసి, మగగొంతుతో వికటాట్టహాసం చేసింది!

"ఈ ఇల్లు... మాకొద్దు!"

దీపాలన్నీ ఆరిపోయాయి. గోడలు నిలువునా బీటలు వారాయి.

"ఈ ఇల్లు... మాకొద్దు!"

దూలాలు కిర్రుమన్నాయి... ఇంకొక్కసారి అంటే అంతా నేలమట్టం!

"అత్తా, వద్దు! చేజేతులా నేనే చేశాను!" ఇంజనీరమ్మ ఏడుస్తూ వాకిట్లోకి పరుగెత్తి ఒక గడపను ఎత్తబోయింది. అది కదిలితేనా! అంతలో చీకట్లోంచి ముడతలు పడ్డ చేతులు ముందుకొచ్చాయి.

"జరుగమ్మా, ఎవరి గడప వాళ్ళం చూసుకుంటాం," అంది ఒక అవ్వ ఊతకర్ర పక్కన పడేసి.

"నడుం పోతుందేమోనే!" అన్నాడొక తాత.

"అదెప్పుడో పోయిందిగా, పట్టు!"

ఒక్కో గడపా స్థానంలో కూర్చుంటుంటే మేనత్త నోట పలుకుతున్న మాంత్రికుడి గొంతు బొంగురుపోయింది. చివరికి అందరూ కలిసి చావడి గడపను దించారు. ఇంజనీరమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి ప్రాణం పెట్టి అరిచింది.

"లోపలికొచ్చినవాళ్ళని ఈ ఇల్లు బయటికి పంపదు!"

మేనత్త నోట ఈసారి ఆమె సొంత గొంతే పలికింది. "ఈ ఇల్లు... ఈ ఇల్లు... మాది!"

కపాలం భళ్ళున పగిలి బూడిదైంది! మాంత్రికుడు ద్వారం వైపు ఉరికాడు. గడప దగ్గర కాలు లేవలేదు. వాడి నల్లటి గడ్డం చూస్తుండగానే తెల్లబడింది... పళ్ళు రాలాయి... ఇన్నాళ్ళూ దొంగిలించిన ఆయుష్షంతా ఒక్కసారిగా వాడి వీపున పడి వంచేసింది!

ఇప్పుడక్కడ కొత్త దీపాలు వెలుగుతున్నాయి, ఒక్కొక్కటిగా నేలకు దించిన గడపల మీదుగా చక్రాల కుర్చీలు హాయిగా తిరుగుతున్నాయి. మూలగదిలో మాత్రం పండు ముసలివాడొకడు సాయంత్రమయ్యేసరికి గావుకేకలు పెడతాడు.

"నన్ను గెంటెయ్యండి! మీ కాళ్ళు పట్టుకుంటాను... గెంటెయ్యండి!"

మేనత్త వెళ్ళి వాడి మీద దుప్పటి సరిచేస్తుంది.

"ఆ మాట ఈ ఇంట్లో లేదు నాయనా. పడుకో."