పన్నెండు ప్రాణాల అప్‌లోడ్

ఏజెంట్ జయప్రకాష్‌ను మధ్యాహ్నం మూడున్నరకి సిర్గిట్టి ఫ్యాక్టరీల వాడలో ఓ గోడౌన్‌లో కాల్చేశారు. అతని పార్ట్‌నర్ భవిత అతని జేబులోంచి పెన్ కెమెరా తీసుకుని, ఆటో ఎక్కి, రైల్వే కాలనీ పక్కన తాను అద్దెకుంటున్న మేడగదికి వచ్చేసింది. ఆ వీధివాళ్ల దృష్టిలో ఆమె బ్యాంకు ఉద్యోగి. ఏడుపు రాలేదు. లోపల ఏమీ లేదు, అంతే.

కెమెరాలో ఉన్నది ఒక్కటే వీడియో. విదేశీ ముఠా నాయకుడికి మన రహస్య స్థావరాల మ్యాపు నవ్వుతూ అందిస్తున్న రాజశ్రీ. డిపార్ట్‌మెంట్‌లో అందరూ మెడ తిప్పి చూసే మనిషి. తీరా చూస్తే డబుల్ ఏజెంట్.

చెవికమ్మలోని రేడియో గరగరలాడింది. చీఫ్ శ్రీనివాసరావు.

"టీ చల్లారింది సార్," అంది భవిత. మనవాడు పోయాడని కోడ్.

వీడియోలో రాజశ్రీ ఉందని కూడా చెప్పింది. చీఫ్ అనుమానం నిజమైంది. "ఐదింటికి రాయ్‌పూర్‌లో మన ఏజెంట్ రవిచంద్ర రాజశ్రీకి లిస్టు ఇస్తాడు. పరాయి దేశంలో ఉన్న మన పన్నెండు మంది పేర్లు. ముఠాకి చేరితే పన్నెండు మందీ పోతారు."

"ఇవ్వొద్దని ఆర్డరెయ్యండి."

"వేశాను. ఆమె ద్రోహి అంటే నమ్మట్లేదు. వచ్చే నెల వాళ్లిద్దరికీ పెళ్లి. వీడియో చూస్తేనే ఆగుతాడు. ఫోన్‌లో పంపకు, ముఠా పసిగడుతుంది. ఇంటి వైఫై వాడు."

నాలుగూ నలభై. అప్‌లోడ్ మూడు శాతం. నత్త నయం. నెట్ స్లో అని చీఫ్‌కి చెప్పింది. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసింది. మిగతా యాప్‌లన్నీ మూసేసింది. సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌తో మెట్లదాకా వెళ్లింది. అప్‌లోడ్ పదకొండు దగ్గర చతికిలబడింది. నిన్నటిదాకా దౌడు తీసిన నెట్‌కి ఇవాళేం రోగమొచ్చినట్టు?

కిందికి పరుగెత్తింది. అక్కడ ఇంటాయన గోవిందరావు, రిటైరైన లోకో పైలట్, పేపరు చదువుతున్నాడు.

"రౌటర్ ఎక్కడుంది బాబాయ్?"

"నెట్ రాట్లేదేటమ్మా? బొగ్గుదుమ్ము పడిపోతందని పొద్దున్నే నా లైన్ బాక్సులో ఎట్టి తాళమేసీసినాను."

మంచం కింద, డ్యూటీకి వెళ్లినన్నాళ్లూ ఆయన ఇంజిన్‌లో మోసుకెళ్లిన నల్లటి ఇనుపపెట్టె. కన్నంలోంచి వైరు బయటికొస్తోంది. ఇనుములోంచి సిగ్నల్ ఏం వస్తుంది, నా మొహం!

"తాళంచెవి ఇవ్వండి."

"అచ్ఛా, ఏటంత తొందర? ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆ బాక్సులో సామాను ఒక్కటీ పాడవలేదమ్మా," అంటూ మొలతాడుకున్న తాళంచెవి ముడి విప్పడానికి ఆయన తీరిగ్గా కూర్చున్నాడు.

నాలుగూ యాభై ఆరుకి మూత లేచింది. భవిత రౌటర్‌ని బల్లమీద పెట్టింది. యాభై. ఎనభై. తొంభై తొమ్మిది. ఐదు కావడానికి పదకొండు సెకన్లు ఉండగా వంద.

కమ్మలో చీఫ్ గొంతు. "లిస్టు చేతిలోకి తీశాడు. అప్పుడొచ్చింది వీడియో. చూసి, తనే రాజశ్రీకి బేడీలు వేశాడు."

పన్నెండు ప్రాణాలు నిలిచాయి. సంతోషించాలని భవితకు తెలుసు. సంతోషం రాలేదు.

"ఏమైనా అన్నాడా సార్?"

"మీ నెట్ ఇంకో నిమిషం స్లోగా ఉండాల్సిందన్నాడు."