ముళ్ళపంది ఎటు పోయింది?

మూడో పీరియడ్ బెల్ మోగేసరికి గడగడ చార్టు మీద ఆఖరి గీత గీసేసింది. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ నోటి ధాటికి క్లాసంతా ఆ పిల్లను గడగడ అనే పిలుస్తారు.

టీచర్ ఇద్దరిద్దరికి కలిపి ఓ పని ఇచ్చారు. రెండు కథలు చదివి, పోల్చి, క్లాసు ముందు చెప్పాలి. ఒక కథలో గడియారాలు బాగుచేసే తాతను వీధంతా దొంగ అనుకుంటుంది. రెండో కథలో ముళ్ళపందిని అడవిలో ఎవరూ దగ్గరికి రానివ్వరు. గడగడకు జతగా కొత్తమ్మాయి వచ్చింది. స్కూల్లో చేరి రెండు వారాలైనా నోరు విప్పదు.

"ఏం మూగనోము పట్టిందో! దీన్ని అడిగే కంటే గోడనడగడం నయం," అనుకుని గడగడ అంతా తనే రాసేసింది. కొత్తమ్మాయి రెండుసార్లు పక్కకొచ్చి నిలబడింది. "నువ్వెళ్ళి కూర్చో, అయిపోయింది," అని గడగడ పంపేసింది.

ఇప్పుడు బోర్డు దగ్గర నిలబడి గడగడా చదువుతోంది.

"రెండు కథల్లోనూ ఏమీ తెలుసుకోకుండానే తప్పు పట్టారు. తాతను చివరికి వీధి తనవాడనుకుంది. పాపం, ముళ్ళపంది మాత్రం అడవి వదిలి వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయిందా? మరి ఆఖరి పేజీలో?" అన్నారు టీచర్.

గడగడ చటుక్కున చదవడం ఆపింది. ముళ్ళపంది వెళ్ళిపోయే బొమ్మతో కథ అయిపోయిందిగా! ఇంకో పేజీ ఎక్కడిది? చార్టును పైనుంచి కింది దాకా గబగబా వెతికింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"టీచర్..." కొత్తమ్మాయి లేచింది. "లైబ్రరీ పుస్తకంలో చివరి కాగితాలు అతుక్కుపోయాయి. నిన్న నేను స్కేలుతో మెల్లగా విడదీశాను. కుందేలు పిల్ల దాని వెనకాలే పరిగెత్తి, 'ముళ్ళు తగలకుండా కూర్చుంటాలే, వచ్చెయ్' అంటుంది. ముళ్ళపంది తిరిగొస్తుంది."

"అదీ సంగతి!" అని టీచర్ నవ్వారు.

అమ్మయ్య! గడగడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. ఈ మాట చెప్పడానికేగా పాపం రెండుసార్లు వచ్చింది!

"నేను సగమే చదివి రాసేశాను టీచర్. మేమిద్దరం మళ్ళీ రాస్తాం," అంది.

చార్టు పట్టుకుని తిన్నగా కొత్తమ్మాయి బెంచీకి వెళ్ళింది. "కాస్త జరుగు. ఇంతకీ నీ పేరేంటి?"

"రోజూ అటెండెన్సులో పిలుస్తారుగా!" అని కొత్తమ్మాయి నవ్వేసింది.

గడగడ నాలుక కరుచుకుంది. ఆ తర్వాత నోరు మూసుకుని, కొత్తమ్మాయి చెప్పిన పేరు శ్రద్ధగా విని, చార్టు పైన రాసింది. తన పేరు దాని కింద రాసుకుంది.