అంచు కోసిన గాస్కెట్

బియ్యం కడిగి నానబెట్టాలి. ఇమాం గారిని భోజనానికి పిలవాలి. సమాధి మీదకి పూలు తేవాలి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చే చుట్టాలకి చాపలు పరవాలి. అంబాసిడర్‌కి ఇంజను మూత కింద ఏ హెడ్ గాస్కెట్ వెయ్యాలో తేల్చాలి.

అబ్దుల్ మజీద్ భార్య రహీమా పోయి ఆ రోజుకి నలభై రోజులు. ఏలూరులో వాళ్ళ ఇంటి ముందు షెడ్డులో కారు కూడా అన్నాళ్ళుగా బానెట్ ఎత్తే ఉంది. కూతురు నజ్నీన్ పొయ్యి వెలిగిస్తుండగా కొల్లేటికోట నుంచి, ఎప్పుడూ ఆ కారే అద్దెకి పిలిచే బుల్లిరాజు వచ్చాడు.

"మజీద్ గారూ, వచ్చే వారం మా అమ్మని ఆస్పత్రికి తేవాలండి. చెరువు గట్ల మీదకి మీ బండి తప్ప ఇంకేదీ రానంటోందండి."

కొడుకు ఫిరోజ్ అందుకున్నాడు. "కారు అమ్మేస్తున్నామండి. నేనింక స్పానర్ పట్టుకోను."

"పట్టుకోకు మరి!" మేనత్త మెహజబీన్ ఉల్లిపాయలు తరుగుతూనే అంది. "బంగారంలాంటి ఇంజనుకి బోరు కొట్టించి, పెద్ద పిస్టన్లు వేసి, నీ సరదాకి మా వదినని పొట్టన పెట్టుకున్నావు."

"అవును ఫుప్పూ, తప్పు నాదే."

ఈ నలభై రోజులూ అడిగిన వాళ్ళందరికీ అతను ఆ మాటే చెప్పాడు. మజీద్ ఎప్పటిలాగే నేల చూశాడు. నజ్నీన్ గరిటె విసిరికొట్టింది.

"నాన్నా, ఇవాళైనా చెప్పరా? సిలిండర్లు పెద్దవయ్యాయి, కొలత ప్రకారం రాగి గాస్కెట్ కోయిస్తానని అన్నయ్య అన్నాడా లేదా? బండి నాలుగు రోజులు ఆగిపోతుందని మామూలుది తెచ్చిందెవరు? కన్నాలు చిన్నవైతే కత్తెరతో అంచు కోసిందెవరు? ముప్పై ఏళ్ళుగా మెకానిక్‌ని, నాకే నేర్పుతావా అన్నదెవరు?"

"నజ్జూ, ఊరుకో," అన్నాడు ఫిరోజ్.

కోసిన అంచుతో పాటు గాస్కెట్‌ని మంట నుంచి కాపాడే ఇనుప రింగు కూడా పోయింది. తాడేపల్లిగూడెంలో తన చెల్లెలింట్లో గుండెనొప్పి వచ్చిన రహీమాని ఏలూరు పెద్దాసుపత్రికి తెస్తుంటే, గుండుగొలను దగ్గర గాస్కెట్ కాలి ఇంజను మరిగిపోయింది. ఇంకో బండి దొరికేసరికి ఆమె లేదు.

"ఎందుకు దాచావురా?" మజీద్ కొడుకు వైపు తిరిగాడు. "నలుగురిలో నన్ను నిలదీయొచ్చుగా!"

"అమ్మ వద్దందండి." ఫిరోజ్ మొహం తిప్పుకున్నాడు. "నా ఒళ్ళో పడుకుని, బానెట్ దగ్గర తడబడుతున్న మిమ్మల్నే చూసింది. 'నాన్నని ఏమీ అనకురా. ఆయనకి ఉన్నదల్లా చేతిపనే' అంది. ఇంకేం మాట్లాడలేదు."

మజీద్ చెల్లెలి వైపు తిరిగి, బుల్లిరాజు వింటుండగానే, "కోసింది నేనమ్మా. వాడు కాదు," అన్నాడు. మెహజబీన్ చేతిలో కత్తి ఆగిపోయింది. కళ్ళొత్తుకుంటూ లేచి వెళ్ళి మేనల్లుడి తల దగ్గరకి తీసుకుంది.

మజీద్ షెడ్డులోంచి కొలతల స్కేలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పరా. ఏది వేద్దాం?"

ఫిరోజ్ స్కేలు అందుకున్నాడు. "రాగిదేనండి. బెజవాడలో కోయించాలి. నాలుగైదు రోజులు పడుతుంది."

"పట్టనీరా."

కొడుకు వంగి సిలిండర్ కొలుస్తుంటే తండ్రి టార్చి పట్టుకున్నాడు.

మీరెప్పుడైనా గుండుగొలను మీదుగా వెళితే రహీమాని ఒక్కసారి తలుచుకోండి. ఊపిరందని ఆ నిమిషంలో కూడా ఆవిడ తన ప్రాణం గురించి కాదు, భర్త పరువు గురించే ఆలోచించింది.